సున్నం చుక్క

మొన్న అమ్మకి మూత్రపరీక్ష చేయించడానికి గాజువాక తీసుకెళ్ళాను. ల్యాబులో అమ్మాయి సన్నటి కాగితం పట్టీ ఒకటి ముంచి తీసి, డబ్బా మీదున్న రంగుల గళ్ళ పక్కన ఆనించింది. తర్వాత కిటికీ వెలుతురు వైపు తిరిగి, ఎడమ కన్ను మూసి చూసింది. నాకు నవ్వు ఆగలేదు.

"ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి.

"ఏం లేదమ్మా. మా బాబాయి కూడా అచ్చం ఇలాగే ఒక కన్ను మూసి చూసేవారు."

"ఆయనా ల్యాబ్ టెక్నీషియనా?"

"కాదు. ల్యాబులో గ్లాసులు కడిగేవారు" అన్నాను. ఆయన ఉండి ఉంటే అలాగే చెప్పమనేవారు.

ఆయన పోయి రెండేళ్ళు. షేర్ ఆటోలో ఇంటికి తిరిగొస్తున్నంతసేపూ ఆయనే నా పక్కన కూర్చున్నట్టుంది. అలా గుర్తు చేసినందుకు ఆ అమ్మాయిని మనసులోనే దీవించుకున్నాను.

మాకు ఆయనతో చుట్టరికం ఏమీ లేదు. మల్కాపురంలో మా వెనక వీధి. ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యారు. నేను మొదటిసారి చూసింది మా గుడి గేటు దగ్గర. శనివారం సాయంత్రం మరియమ్మ గుహ ముందు జపమాల అయ్యాక, కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తుల ముక్కలు గీకి శుభ్రం చేయడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నాకు నేనే తీసుకున్నాను. ఆ రోజు గేటు బయట ఒక పెద్దాయన చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. నుదుట విభూతి. చేతిలో ఖాళీ బిస్కెట్ల డబ్బా.

"అమ్మాయ్, ఆ ముక్కలు ఏటి సేత్తారు మీరు?"

"పారేస్తామండీ."

"నాకిత్తారేటి?"

కరెంటు పోయినప్పుడు వెలిగించుకోడానికేమో, పాపం, అనుకున్నాను. "ఉండండి, లోపల కొత్తవి ఉన్నాయి, ఫాదర్‌గారిని అడిగి తెస్తాను" అన్నాను.

"కొత్తవెందుకు? ఎలిగించడానికి కాదు. గట్లు కట్టడానికి."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనే మరుసటి శనివారం డబ్బా నింపి, నేనే వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

వాళ్ళావిడ, నేను పిన్ని అనేదాన్ని, తలుపు తీసింది. డబ్బా చూడగానే లోపలికి కేకేసింది. "వొచ్చింది నీ మైనం! ఇంక ఈ ఇంట్లో ఇస్త్రీపెట్టి సీరలకి కాదు, కాయితాలకే."

నిజంగానే కాగితాలకే. ఆయన మైనం ముక్కల్ని స్టీలు గ్లాసులో వేసి, ఆ గ్లాసుని వేడినీళ్ళలో పెట్టి కరిగించేవారు. సోడా సీసా మూతని పటకారుతో పట్టుకుని, అంచు మాత్రం మైనంలో ముంచి, ఫిల్టర్ కాగితం మీద ముద్ర వేసేవారు. పైన న్యూస్‌పేపరు పరిచి ఒక్కసారి ఇస్త్రీపెట్టె ఆనించేవారు. మైనం కాగితంలోకి దిగి, అటువైపు కూడా గుండ్రటి గీత తేలేది.

"ఇదిగో, ఇది గట్టు. లోపలున్నది మడి. నీటిచుక్క ఏస్తే మడిలోనే నిలబడతాది, గట్టు దాటదు. ఆ మడిలో మనం ముందే మందు ఆరబెట్టుకుంటాం. మంచినీళ్ళో, పాలో, ఏదో ఒకటి చుక్కేస్తాం. రంగు మారిందా, అందులో ఏదో ఉన్నట్టు. మారలేదా, ఎల్లి సుఖంగా తాగు."

"ఇంతేనా?"

"ఇంతే. పెద్ద మిషనుంటే ఇంకా బాగా సెప్తాది. మన ఈధిలో మిషనెవుడెట్టాడు?"

ఆయన చేసిన మొదటి కాగితం మా ఇంటి కోసమే. మా బోరు నీళ్ళకి బకెట్లు ఎర్రగా చారలు కట్టేవి. ఆయన కరక్కాయ నలగ్గొట్టి కషాయం కాచి, అందులో ముంచి ఆరబెట్టిన కాగితం మీద మా నీటిచుక్క వేశారు. చూస్తూండగానే పలక రంగుకి తిరిగింది. "ఇనుము" అన్నారు, ఒక కన్ను మూసి. ఆ తర్వాత వీధి వీధంతా సీసాలు పట్టుకుని వచ్చింది. ఎవరి నీళ్ళు ఎంత నల్లబడ్డాయో ఆడవాళ్ళు పోల్చుకునేవాళ్ళు. మందులో ముంచిన కాగితాలు వంటింటి దండెం మీద క్లిప్పులతో వేలాడేవి. కాగితాలు ఆరేంతవరకూ ఫ్యాను వేయనిచ్చేవారు కాదు. పిన్ని విసనకర్రతో విసురుకుంటూ ఆయన్ని తిట్టేది, విసనకర్ర గాలి కాగితాలకి తగలకుండా అటు తిరిగి.

వాడేసిన కాగితం ఒక్కటీ పారేసేవారు కాదు. లాంగ్‌నోటు పుస్తకంలో అంటించి, కింద ఎవరిదో, ఏ రోజో రాసేవారు. ఏదైనా వాసన చూడాలంటే ముక్కు దగ్గర పెట్టుకునేవారు కాదు. దూరంగా ఉంచి, అరచేత్తో గాలిని తనవైపు తోసుకునేవారు, ల్యాబులో నేర్చిన అలవాటు. ఒకసారి మా అమ్మ క్రిస్మస్‌కి బిరియానీ పంపితే దానికీ అలాగే చేశారు. "ఆవిడ పంపింది యాసిడ్ కాదయ్యా!" అంది పిన్ని.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం. గాలి బాగోని రోజుల్లో గుమ్మం కూడా దాటనిచ్చేవారు కాదు. అమ్మే చాప వేసి కూర్చోబెట్టి బైబిలు, ఎక్కాలు, ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది. అందుకు అమ్మకీ దేవుడికీ ఎంత రుణపడి ఉన్నా, చదువుకున్నవాళ్ళ మధ్య నోరు విప్పడానికి నాకు బెరుకుగా ఉండేది. ఆ సంగతి ఆయనతో చెబితే తేలిగ్గా తీసిపారేశారు.

"నాకు మాత్రం ఎవుడు నేర్పాడు? పిల్లలు ప్రాక్టికల్స్ సేసి ఎల్లిపోతే ఆ గ్లాసులు నానే కడిగీవోణ్ణి. అడుగున మిగిలిన రంగు సూసి, ఇందులో ఏటి కలిపారా అని ఆలోసించీవోణ్ణి. సదువుకున్నోళ్ళు పైన సూత్తారు. నాను అడుగున సూసినాను, అంతే తేడా."

ఆయనకి ఒక ఊతమాట ఉండేది. ఎవరైనా ఫలితం నమ్మకపోతే, కాగితాన్ని వాళ్ళ మొహం ముందు పెట్టి, "మనిసి సెప్తాడు, కాయితం సెప్పదు అబద్ధం" అనేవారు. ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. నేనూ పూర్తిగా నమ్మాను. ఆ మాటే నూకాలు మీద పడింది.

నూకాలు మా బజార్లో చేపలమ్మే మనిషి. ఒడ్డున ఉండే కుటుంబం. మరిది పడవ మీద వెళ్తాడు, ఈవిడ తట్ట ఎత్తుతుంది. నోరు పెద్దది, చేప మంచిది. మా అమ్మ వేరేవాళ్ళ దగ్గర ఎప్పుడూ కొనలేదు.

ఒక వేసవిలో ఫోన్లలో వీడియో ఒకటి తిరిగింది. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్ మందు చేపలకి పూస్తున్నారని. ఎక్కడి వీడియోనో, ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. అయినా బజార్లో కొనేవాళ్ళు సగమయ్యారు. వీధిలో వాళ్ళు బాబాయి దగ్గరకొచ్చి, దీనికేమైనా కాగితం ఉందా అని అడిగారు. ఆయన పాత ల్యాబులో తెలిసినవాళ్ళని కనుక్కుని, కావలసిన మందులు తెచ్చి, నాలుగు రోజులు తంటాలు పడ్డారు. చేప మొప్పల తడిని ఆ కాగితం మీద అద్ది, ఎండలో కాలిన స్టీలు పళ్ళెం మీద పెట్టాలి. ఫార్మలిన్ ఉంటే పావుగంటకి మెల్లగా నిమ్మపండు రంగు వస్తుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది.

ఆదివారం పొద్దున్న గుడిలో పూజ కాగానే నేను నేరుగా బజారుకి వెళ్ళాను. గడియారం చూసి పావుగంట చెప్పడం నా పని. ఆయన గొడుగు కింద స్టూలు వేసుకుని, చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర వరసగా ఒక్కొక్క చేప అడిగి పరీక్షిస్తున్నారు. జనం చుట్టూ మూగారు. మొదటి తట్ట తెల్లగా ఉంది. రెండోదీ తెల్లగానే. నూకాలు వంతు వచ్చింది.

"ఓ కాయితాల తాతా! మొప్పలెత్తి ముద్దెట్టుకుంటావేటి? బేగి సూసి ఎల్లు, బేరాలు పోతన్నాయి!" అంటూ కానాగంత చేపని తనే పట్టుకుని మొప్ప ఎత్తి చూపించింది.

ఆయన కాగితం అద్దారు. పళ్ళెం మీద పెట్టీ పెట్టకముందే పసుప్పచ్చ రంగు తేలింది.

వెనకనుంచి ఒకావిడ, "ఓలమ్మో, మందే!" అంది. అంతే, తట్ట చుట్టూ ఉన్నవాళ్ళంతా రెండడుగులు వెనక్కి వేశారు.

"నా సేపకి మందేటి తాతా? తెల్లారగట్ల మా మరిది దింపిన సేప. సూడు, కన్ను సూడు, ఎలా మెరుత్తందో!"

"నూకాలూ, మనిసి సెప్తాడు..." ఆయన మాట పూర్తి చేయలేదు. చేయనక్కర్లేకపోయింది. అందరికీ తెలిసిన మాటే.

ఆ రోజు నూకాలు దించిన తట్ట దించినట్టే ఎత్తుకెళ్ళింది. సోమవారం వచ్చింది, ఎవరూ ఆగలేదు. మంగళవారం పక్కన కూర్చునే ఆడవాళ్ళు తమ బేరాలు పోతాయని ఆమెని బజారు చివరకి, మురుగుకాలవ పక్కకి జరిపారు. ఇరవయ్యేళ్ళు కూర్చున్న చోటు. మా అమ్మ కూడా ఆ రోజు ఆమెని దాటుకుని వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

బుధవారం ఎండ బాగా ఎక్కాక నేను బాబాయి ఇంట్లో సోడా మూతకి అంటిన మైనం గీకుతున్నాను. గుమ్మంలో తట్ట ధడాలున దిగింది.

"తాతా! మళ్ళీ సెయ్యి. నా కళ్ళెదుట సెయ్యి. ఇంటికాడ ఆడబిడ్డ కూడా అడుగుతంది, నిజం సెప్పే, ఏటి పూసినావూ అని. ఇంటోళ్ళే అడిగితే నాను బతికీదెలా?"

ఆయన కాగితం తీశారు. చేప తనే పట్టుకున్నారు. అద్దారు. నేను గడియారం చూశాను. ఐదు నిమిషాలు. పది. పావుగంట. అరగంట కూడా ఆగాం. తెల్లగానే ఉంది.

"ఇది ఇయ్యాల్టి సేప" అన్నారు ఆయన, నెమ్మదిగా.

"ఆదోరంది కూడా ఇలాటి సేపే! ఆ కాయితం ఏదీ? ఉంచీసుంటావు గదా, సూపించు."

లాంగ్‌నోటు పుస్తకం తెరిచారు. ఆదివారం కాగితం కింద 'నూకాలు, కానాగంత' అని రాసి ఉంది. ఆమె వంగి చూసింది. గోటితో తాకింది. ఆ గోరు చూసుకుంది. తర్వాత ఆయన మొహంలోకి ఎంత ఆశ్చర్యంగా చూసిందంటే, ఆ చూపులో కోపానికి చోటు లేదు.

"ఇది పసుపు గదేటి, తాతా!"

"ఏటీ?"

"ఆదోరం మా ఆడబిడ్డ కూతురికి పెళ్ళి పసుపు కొట్టినాం. తెల్లారి మూడింటికి లెగిసి రోకలేసినాను. రెండు సేతులూ మోసేతుల దాకా పసుపే! ఆ సేత్తోనే గదా నీకు సేప పట్టుకున్నాను!" బొడ్డు సంచిలోంచి తమలపాకుల సున్నం డబ్బీ తీసింది. వేలికి కాస్త సున్నం రాసుకుని, నీటిచుక్క తగిలించి, ఆదివారం కాగితం మీద ఒక మూల అద్దింది.

ఎర్రబడింది. పెళ్ళికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్ళ ఎరుపు.

"పసుపూ సున్నం కలిపితే ఎర్రగవ్వదేటి? ఇది సిన్నగుంటకి కూడా తెలుసు!"

ఆయన లేచి లోపల ఉన్న ఫార్మలిన్ సీసా తీసి, కొత్త కాగితం మీద ఒక చుక్క వేశారు. మెల్లగా, నేను గడియారం చూస్తూండగా, నిమ్మపండు రంగు వచ్చింది. దాని మీద నూకాలు సున్నమే అద్దారు. ఎర్రబడలేదు. నిమ్మపండు రంగులోనే ఉండిపోయింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ఈసారి కన్ను మూయలేదు. రెండు కళ్ళతోనూ చూస్తూ కూర్చున్నారు.

"కాలేజీలో పసుపు కాయితాలు కత్తిరించి డబ్బాల్లో ఎట్టిందే నాను. సబ్బునీళ్ళు తగిల్తే ఎర్రబడతాదని పిల్లలకి సూపించింది నాను. పావుగంటకి రావాల్సిన రంగు ఎట్టీ ఎట్టకముందే వొచ్చింది. అప్పుడైనా తట్టలేదు."

ఆ గడియారం నా చేతికే ఉంది. రంగు రాగానే చూడటం మానేసింది నేనే. ఆ సంగతి అప్పుడే చెప్పాను. "నీది కాదు తల్లీ. కాయితం ఎట్టింది నాను, మాటన్నది నాను" అన్నారు.

"సరే, తెలిసింది గదా" అంది నూకాలు. "ఇంక ఊరుకో."

"ఊరుకోను. తప్పు ఇంట్లో సెప్పలేదు, బజార్లో సెప్పినాను. దిద్దీదీ బజార్లోనే."

నేను ఆ శనివారం ఫాదర్‌గారి దగ్గర గడియారం సంగతి ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాను. మోకరించి, జాలీ ఇవతలనుంచి, నాకే వినబడనంత మెల్లగా. బాబాయి చేసింది ఆదివారం పొద్దున్న, జనం బాగా ఉన్న వేళ, చేపల బజారు నడిమధ్యన. స్టూలెక్కి నిలబడ్డారు. రెండు కాగితాలు రెండు చేతులా పట్టుకున్నారు.

"పోయిన ఆదోరం నూకాలు సేపలో మందు ఉందన్నాను. లేదు. దాని సేతికున్న పెళ్ళి పసుపు సూసి మందనుకున్నాను. తప్పు సేపది కాదు, కాయితానిదీ కాదు, నాది. తెలిసుండాల్సినోణ్ణి, తెలుసుకోలేదు."

"ఏటి తాతా, నీ మాటే తప్పయితే మేమేటి నమ్మాలి?" అన్నాడొకాయన.

"మంచి ప్రశ్నే బాబూ. నమ్మొద్దు. రెండోసారి సూడమని అడగండి."

తర్వాత ఏం జరిగిందని అడిగితే, ఆ రోజుకి ఏమీ జరగలేదు. జనం విన్నారు, తలలూపారు, వేరే తట్టల దగ్గరకి పోయారు. ఆయన స్టూలు దిగి నూకాలు పక్కనే కాలవ గట్టు మీద కూర్చున్నారు. గంటసేపు అలాగే కూర్చున్నారు. చివరికి ఆమే విసుక్కుంది.

"లెగు తాతా! నువ్వు నా పక్కన కాపలా కూకుంటే నా సేపలో ఏదో ఉందనే అనుకుంటారు. సేసింది సాలదేటి?"

ఆయన గబుక్కున లేచారు. ఆ మాట నిజం. నేను నవ్వు దాచుకోలేకపోయాను. ముందు ఆమె, తర్వాత ఆయన కూడా నవ్వేశారు. ఆ నవ్వులోంచే ఆలోచన వచ్చింది, నూకాలుకే వచ్చింది. "అన్ని తట్టలూ సూడు. నాది ఆఖర్న సూడు. రంగు తిరిగిందనుకో, సున్నం నాను ఎడతాను. అప్పుడు సెప్పు."

ఆ రోజునుంచీ ఆయన సోడా మూతతో ఒక్క గట్టు కాదు, పక్కపక్కన రెండు గట్లు వేసేవారు. ఒకటి మందుకి, ఒకటి నూకాలు సున్నానికి. పరీక్షకి ముందు అందరూ ఆమె చెంబుతో చేతులు కడుక్కోవాలి, ఆయనతో సహా. "గోళ్ళు, తాతా, గోళ్ళు!" అని బజారంతా వినబడేలా గదమాయించేది. వారాలు గడిచాయి. ముందు మా అమ్మ వెళ్ళి కొంది, తల వంచుకుని. నూకాలు ఒక చేప ఎక్కువేసింది. తర్వాత పక్కింటివాళ్ళు. వర్షాలు మొదలయ్యేసరికి పక్కన కూర్చునే ఆడవాళ్ళే జరిగి, ఆమె పాత చోటు ఆమెకి ఇచ్చారు.

బాబాయి ఆ ఊతమాట మళ్ళీ అనగా నేను వినలేదు. ఎవరైనా ఫలితం అడిగితే, "కాయితం ఇలా అంటంది. నువ్వేటంటావు?" అని వాళ్ళనే అడిగేవారు. పిన్ని ఒక్కతే దానికి సంబరపడింది. పెళ్ళయిన ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో రెండో మాటకి చోటు దొరికిందని.

ఆయన పోయాక కాగితాలు చేసేవాళ్ళు లేరు. నాకు నీళ్ళ కాగితం వరకే వచ్చు. ఈమధ్య ఒక ఆదివారం కంచరపాలెం నుంచి కొత్తగా మా వైపు వచ్చిన ఒకావిడ నూకాలు తట్ట ముందు నిలబడి, సంచీ విప్పకుండా సందేహిస్తోంది. నేను పక్కనే ఉన్నాను.

"ఇక్కడెవరో తాతగారు పరీక్ష చేసి చెప్పేవారట గదా. ఆయన లేరుగా ఇప్పుడు. నీ చేప మంచిదని ఎవరు చెప్తారు?"

నూకాలు కత్తిపీట మీంచి తలెత్తింది. నోటి దురుసు ఎక్కడికి పోయిందో, చాలా మామూలుగా చెప్పింది.

"ఆ తాత నా సేప మంచిదని ఎప్పుడూ సెప్పలేదమ్మా. మందుందని బజార్లో సెప్పాడు. తరవాత అదే బజార్లో స్టూలెక్కి, నాదే తప్పు అని సెప్పాడు. అంత పెద్దోడు అలా సెప్పాక, నాను సెడ్డ సేప ఎలా అమ్ముతాను?"

ఆవిడ ఒక్క క్షణం నూకాలు మొహంలోకి చూసింది. సంచీ విప్పి పట్టుకుని, "కోసియ్యి" అంది.